ఏ.ఎస్. రావు నగర్‌లో మా పాత వీధి

మా వీధిలో పాత ఇళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. మూల మీది ఇంటిని సంక్రాంతి వెళ్లగానే కూల్చేశారు. దాని పక్క స్థలంలో ఆకుపచ్చ వల చాటున నాలుగో శ్లాబు పోస్తున్నారు. ఎదురు వరుసలో రెండు ఇళ్లను కలిపి ఒకే బిల్డరుకు ఇచ్చారు కాబట్టి అక్కడ ఒకప్పుడు రెండు కుటుంబాలు విడివిడిగా ఉండేవన్న గుర్తు కూడా మిగలదు. హైదరాబాదుకు ఈశాన్యాన, ఈసీఐఎల్ చౌరస్తాకు చేరువలో ఉన్న డాక్టర్ ఏ.ఎస్. రావు నగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా కొంచెం అటూ ఇటుగా ఇదే దృశ్యం. ఇదంతా యజమానుల ఇష్టంతో జరుగుతున్న పనే, ఎవరినీ ఎవరూ వెళ్లగొట్టలేదు. అయినా ఈ వీధి ఎలా ఏర్పడిందో, ఇక్కడి మనుషులు ఒకరికొకరు ఎందుకంత దగ్గరయ్యారో తెలిసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు గనుక, నాకు గుర్తున్నవీ అమ్మ చెప్పగా విన్నవీ రాసి ఉంచాలనిపించింది.

ఈ కాలనీకి ఎవరి పేరు పెట్టారో ఆ పెద్దమనిషి గురించి ముందు చెప్పాలి. అయ్యగారి సాంబశివరావు గారు 1914లో ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, ఆ తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, హోమీ భాభా బృందంలో చేరి, అణు పరిశోధనకు అవసరమైన ఎలక్ట్రానిక్ పరికరాలను మనవాళ్లే తయారుచేయగలరని చేతల్లో చూపించిన ఇంజనీరు ఆయన. 1967లో అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఏర్పడినప్పుడు దానికి ప్రాణం పోసింది ఆయనే. ఆ సంస్థ ఉద్యోగుల కాలనీగా మొదలైన ఈ చోటికి ఆయన జీవించి ఉండగానే ఆయన పేరు పెట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ పేరును పూర్తిగా పలికేవారు కాదు. నాన్నగారికి ఆయన ఎప్పుడూ ‘డాక్టర్ గారు’. ఫ్యాక్టరీలో నడుస్తూ నడుస్తూ బల్ల దగ్గర ఆగి, పని చేస్తున్న మనిషిని పేరు పెట్టి పలకరించి, చేతిలోని పరికరం గురించి అడిగేవారని నాన్నగారు చెప్పేటప్పుడు ఆ గొంతులో వినిపించిన గౌరవం మరెవరి విషయంలోనూ నేను వినలేదు.

నాన్నగారు స్థలం తీసుకున్న నాటికి ఇక్కడ రోడ్డు లేదు, నేల కూడా సరిగ్గా లేదు, ఉన్నదంతా రాయి. దక్కను పీఠభూమిలో ఈ భాగమంతా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. మౌలాలి గుట్ట ఒక్కటే పేరున్నది గానీ, దానికి తమ్ముళ్ల వంటి గుండ్లు కాప్రా వైపూ సైనిక్‌పురి వైపూ ఎక్కడపడితే అక్కడ ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం పొదలు, కాస్త పల్లంలో ఈతచెట్లు. మా పునాదికి రాయి బయటి నుంచి తేలేదు. స్థలంలోనే సగం మేర పరుచుకుని ఉన్న గుండును వడ్డెరవారు పగలగొట్టి ఇచ్చారు. రాయి మీద మంట వేసి, బాగా వేడెక్కిన తర్వాత సమ్మెటతో కొట్టి పలకలు పలకలుగా విడదీసేవారని, ఆ పని సాగినన్నాళ్లూ ఒక కుటుంబం కుటుంబమే మా స్థలం చివర గుడిసె వేసుకుని ఉందని అమ్మ చెబుతుంది. ఆ రాళ్లే పునాదిలో పడ్డాయి, ఆ రాళ్లే ప్రహరీకి కడీలయ్యాయి.

ఈ కాలనీ గురించి బెంగపడేటప్పుడు నాకు కాప్రా, కుషాయిగూడ పాత గ్రామాలవారు కూడా గుర్తొస్తారు. మేము మా ఊరు అనుకున్నది వారికి మేకలు మేసిన దిబ్బ, సీతాఫలాలు ఏరుకున్న గుట్ట, వాన బాగా పడిన ఏడాది జొన్న వేసుకున్న చెలక. మా ఇంటికి పాలు పోసిన అవ్వ ఒకరు, మా వంటింటి కిటికీ పక్కన నిలబడి, ఇక్కడ తమకు ఒక రేగుచెట్టు ఉండేదని చెయ్యి చాపి చూపించేదట. ఆషాఢమాసంలో ఆ ఊళ్ల బోనాలు మా వీధి చివరగా వెళ్లేటప్పుడు మేము గేట్ల దగ్గర నిలబడి చూసేవాళ్లం. వారి దారిలోకి మేమొచ్చి నిలబడ్డామన్న ఆలోచన ఆనాడు మాకు రాలేదు. కాబట్టి ఈ నేల మీద మార్పు మా పాత ఇళ్లు కూలడంతో మొదలైందని నేను అనను.

ఇల్లు ఒక్కసారిగా కట్టినవారు మా వీధిలో దాదాపు లేరు. హౌసింగు లోను వచ్చినంతలో రెండు గదులు, వంటిల్లు, పైన శ్లాబు వేసి, తలుపులకు రంగు వేయకముందే గృహప్రవేశం చేసుకునేవారు. జీతాలు సవరించిన ఏడాది ముందు వరండా వచ్చేది. ప్రావిడెంట్ ఫండ్‌లో నుంచి అప్పు తీసుకున్నప్పుడు వెనక గది. ఆడపిల్ల పెళ్లి కుదిరితే ఇంటికి సున్నాలు, గేటు, వీలైతే పైన ఒక పోర్షన్. ఆ పోర్షన్‌లోకి కొత్తగా ఉద్యోగంలో చేరిన జంట అద్దెకు వచ్చి, నాలుగైదేళ్లలో తామూ దగ్గర్లోనే స్థలం చూసుకునేవారు. అందువల్ల ఏ ఇంటి నేల చూసినా ఆ కుటుంబం చరిత్ర తెలిసిపోయేది: ముందు గదుల్లో షాబాద్ బండలు, తర్వాతి గదిలో మొజాయిక్, ఆఖరున పిల్లలు పంపిన డబ్బుతో వేయించిన మార్బుల్. ఇల్లు అంటే పూర్తయిన వస్తువు అన్న భావన అప్పట్లో ఎవరికీ లేదనుకుంటాను. ఎవరి గుమ్మం ముందైనా ఒక ఇసుక కుప్ప ఎప్పుడూ ఉండేది, వీధిలోని చిన్నపిల్లలందరికీ ఆ కుప్పే ఆటస్థలం.

ఇంత దగ్గరితనానికి మొదటి కారణం ఒకే చోట పని. పొద్దున్నే సైకిళ్లు, వాటి వెనక కొన్ని స్కూటర్లు, అన్నీ ఒకే దిక్కుకు వెళ్లేవి. సాయంత్రం అన్నీ ఒకేసారి తిరిగివచ్చేవి. ఎవరి ఇంట్లో జీతం ఎంతో ఎదుటివారికి తెలుసు. ఎవరికి ప్రమోషన్ వచ్చిందో, ఎవరికి రాలేదో వారు ఇంటికి చేరేలోపే ఆడవాళ్లకు తెలిసేది. దాచుకోవడానికి ఏమీ లేనప్పుడు మనుషుల మధ్య ఒక రకమైన నిశ్చింత ఏర్పడుతుందని, అది డబ్బుతో కొనుక్కోలేనిదని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. నెలాఖరులో చేబదులు అడగడానికి మా వీధిలో ఎవరూ మొహమాటపడేవారు కాదు, ఎందుకంటే అడిగించుకున్నవారి నెల కూడా అదే తేదీన మొదలై అదే తేదీన ముగిసేది.

ఫ్యాక్టరీ మా ఇళ్లలోకి మరో విధంగా కూడా వచ్చేది. ఈసీఐఎల్ అప్పటికే టీడీసీ-12, టీడీసీ-316 అనే కంప్యూటర్లు తయారుచేసిన సంస్థ. కంప్యూటర్ అన్న మాట దేశంలో చాలామందికి తెలియని రోజుల్లో మా వీధి పిల్లలు లెక్కలు చేసుకున్నది రెండు అంచులా వరసగా చిల్లులున్న కంప్యూటర్ కాగితాల వెనక వైపున. ఒకవైపు ఏవో అంకెల వరసలు, రెండోవైపు మా ఎక్కాలు, భిన్నాలు. రెసిస్టర్ల మీది రంగు గీతలను బట్టి విలువ చెప్పడం మాకు ఒక ఆట. మా పక్కింటి పిన్నిగారు ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసేవారు; ఇంట్లో ఏ తీగ తెగినా, ఏ రేడియో మూగబోయినా మేము మగవాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లం కాదు, ఆవిడ దగ్గరికే తీసుకెళ్లేవాళ్లం. అంత సన్నని పనిని అంత నిదానంగా చేసే చేతులను నేను మళ్లీ చూడలేదు.

టీవీ అంటే మాకు ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీయే. మరో కంపెనీ టీవీ కొనడం ఇంటి అల్లుణ్ని కాదని పరాయివాణ్ని పిలిచినట్టుగా ఉండేది. 1984 నవంబరులో ఇందిరాగాంధీ అంత్యక్రియలను చూడటానికి సగం వీధి మా వరండాలో కూర్చుంది. టీవీని వరండా కిటికీలోకి జరిపి, వెనక ఉన్నవారికీ కనిపించేలా రెండు పీటలు పేర్చి ఎత్తు చేశారు. ఓటింగ్ యంత్రం సంగతి అయితే ఇంకా గర్వంగా చెప్పుకునేవారు. దాని నమూనాను 1979లో ఈసీఐఎల్‌లోనే తయారుచేశారు. 1980 ఆగస్టులో ఎన్నికల సంఘం దాన్ని రాజకీయ పార్టీలకు ప్రదర్శించింది. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో జనం తొలిసారిగా యంత్రం మీద ఓటు వేశారు. ఆ ఎన్నికను తర్వాత సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు మా వీధిలో దాన్ని సొంత పిల్లవాడు పరీక్ష తప్పినంత బాధగా మాట్లాడుకున్నారని, చట్టం సవరించి 1989లో యంత్రాలకు అనుమతి వచ్చినప్పుడు మిఠాయి పంచారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

దగ్గరితనానికి రెండో కారణం ఇళ్ల కట్టుబడి. ప్రహరీలు మనిషి నడుము ఎత్తున ఉండేవి. పెద్ద గోడ కట్టే స్తోమత లేకనే అలా కట్టి ఉండవచ్చు, అయినా ఫలితం గొప్పది. పెరట్లో బట్టలు ఆరేసుకుంటున్న మనిషికి పక్కింట్లో అంట్లు తోముకుంటున్న మనిషి కనిపించేది. కనిపించిన మనిషిని పలకరించకుండా ఉండటం ఎవరికీ చేతకాదు. ఉప్పు, పప్పు, చింతపండు, పసిపిల్లలు, థర్మామీటరు, అన్నీ ఆ గోడ మీదుగానే అటూ ఇటూ మారేవి. మా వైపు మామిడి, వారి వైపు పనస. కొమ్మ ఎటు వంగితే కాయ వారిది అన్న నియమాన్ని ఎవరూ చెప్పలేదు గానీ అందరూ పాటించారు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మకు ఆపరేషన్ జరిగి చాలా రోజులు మంచం మీదే ఉండాల్సి వచ్చింది. ఆ రోజులన్నింటిలో మా ఇంట్లో పొయ్యి వెలిగించిన గుర్తు నాకు లేదు. పొద్దున కేరళ ఆంటీ పుట్టు, కడలకూర. మధ్యాహ్నం గుంటూరు అత్తయ్యగారి అన్నం, గోంగూర. రాత్రికి కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దమ్మగారి జొన్నరొట్టె. ఎవరు ఏ పూట తేవాలో వారిలో వారు మాట్లాడుకున్నారేమో తెలియదు. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

అన్ని ప్రాంతాలవారూ కలిసి ఉన్న వీధి కాబట్టి పండుగలకు లోటుండేది కాదు. సంక్రాంతి ముగ్గులు, బతుకమ్మ, ఓణం, దసరాకు తమిళుల ఇంట్లో కొలువు. అన్నింటికీ అందరూ వెళ్లేవాళ్లం. శివరాత్రికి కీసరగుట్టకు జనం కిటకిటలాడే బస్సుల్లో వెళ్లడం పెద్దలకు ఉపవాసం, పిల్లలకు విహారం. నగరంలోకి వెళ్లడమంటే మాత్రం ప్రయాణమే. సికింద్రాబాదుకు 16ఏ, కుషాయిగూడ నుంచి అఫ్జల్‌గంజ్‌కు 3కె. తిరిగొచ్చేటప్పుడు మౌలాలి గుట్ట కనిపిస్తే ఇల్లు చేరినట్టే అనుకునేవాళ్లం.

నీటి కష్టాన్ని మాత్రం నేను తీపి జ్ఞాపకంగా చెప్పలేను. గ్రానైటు కింద నీరు రాతి పగుళ్లలోనే ఉంటుంది. ఒకరి బోరులో పడితే పక్కవారి బోరులో పడకపోవచ్చు. మూల మీద ఉన్న బోరింగు దగ్గర ఎండాకాలం తెల్లవారుజామున నాలుగింటికే బిందెలు వరసలో ఉండేవి. ఆ వరసలో ఆడవాళ్ల నడుములు విరిగిన సంగతి మరిచి, ఆ కాలం ఎంత బాగుండేదో అని మాట్లాడేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. కొళాయి నీరు వచ్చిన రోజు అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంది.

వీధి మారడం బిల్డర్లు రావడంతో మొదలైందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అంతకు చాలా ముందే, ఒకే ఫ్యాక్టరీకి ఒకేసారి వెళ్లివచ్చే వీధిగా మేము ఉండటం మానేశాం. ప్రైవేటు కంపెనీల టీవీలు మార్కెట్టును నింపాక ఈసీ టీవీ వెనకబడి చివరికి కనుమరుగైంది. మొదటి తరంవారు ఒకరి తర్వాత ఒకరు రిటైరయ్యారు. కంప్యూటర్ కాగితాల మీద లెక్కలు చేసుకున్న పిల్లలు కంప్యూటర్ చదువులే చదివి, 1990ల చివర నుంచి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. ఇక్కడే ఉద్యోగం దొరికినవారికి మాదాపూర్, గచ్చిబౌలి నగరానికి ఆ చివర. రోజూ అంత దూరం తిరగలేక అటే ఇల్లు చూసుకున్నారు. 2007లో కాప్రాతో సహా చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు నగరపాలికలో కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడే నాటికి, మా వీధిలో చాలా ఇళ్లలో ఇద్దరు వృద్ధులు, నాలుగు గదులు, ఒక తాళం వేసిన పై పోర్షన్ మిగిలాయి. మెయిన్ రోడ్డు మీది ఇళ్లు అప్పటికే దుకాణాలయ్యాయి.

ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇవ్వడం వెనక ఉన్న లెక్కను అర్థం చేసుకోకుండా ఎవరినీ తప్పుపట్టలేం. యజమాని స్థలం ఇస్తాడు, బిల్డరు తన ఖర్చుతో కడతాడు, ఫ్లాట్లను ఒప్పందం ప్రకారం పంచుకుంటారు; మా వైపు చాలావరకు సగం సగం. కట్టినన్నాళ్లూ యజమానికి అద్దె బిల్డరు ఇస్తాడు. ముగ్గురు పిల్లలున్న ఇంటిని గోడలు పెట్టి మూడు ముక్కలు చేయలేరు. అదే స్థలంలో ఫ్లాట్లు వస్తే తలొకటి ఇచ్చి, ఒకదాంట్లో తాముంటూ మరొకటి అద్దెకు ఇచ్చుకోవచ్చు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనిషికి లిఫ్టు పెద్ద వరం. రాత్రి ఒంటరిగా ఉండే తల్లికి కింద వాచ్‌మన్ కుటుంబం ఉందంటే సముద్రాల అవతల ఉన్న కొడుకుకు నిద్ర పడుతుంది. చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ 2025 జనవరిలో మొదలయ్యాక ఈ చుట్టుపక్కల స్థలాల కోసం అడిగేవారు మరింత పెరిగారు. ప్రతి ఆదివారం ఎవరో ఒక మధ్యవర్తి గేటు తట్టి, మీ స్థలం ఎన్ని గజాలమ్మా అని అడుగుతున్నాడు.

పక్కింటి పిన్నిగారి ఇల్లు కూలినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. మొదట పాత ఇళ్ల సామాను కొనేవారు వచ్చి టేకు ద్వారబంధాలు, కిటికీ గ్రిల్లులు, ఇనుప గేటు ఊడదీసుకుపోయారు. ఆ తర్వాత వచ్చిన జేసీబీకి ముందు గదులు కూల్చడానికి పెద్ద సమయం పట్టలేదు. గోడలు విరిగినప్పుడు లోపల పొరలు పొరలుగా రంగులు కనబడ్డాయి: అడుగున నీలం కలిపిన సున్నం, దాని మీద లేత ఆకుపచ్చ, ఆపైన వాళ్ల అమ్మాయి పెళ్లికి వేసిన గులాబీ రంగు. ఆ పెళ్లికి పందిరి మా పెరట్లోకి కూడా సాగింది. వంటలు మా వైపు, భోజనాలు వారి వైపు. యంత్రాన్ని బాగా ఇబ్బంది పెట్టింది పునాది రాయే. దాన్ని బద్దలు కొట్టడానికి వేరే యంత్రం తెచ్చి రెండు రోజులు కష్టపడ్డారు. అమ్మ ఆ రెండు రోజులూ కిటికీ తెరవలేదు. సోల్డరింగ్ చేసిన చేతులున్న పిన్నిగారు అప్పటికి రెండేళ్లుగా కూతురి దగ్గర పుణెలో ఉన్నారు; ఫోనులో ఒక్కటే అడిగారు, పనస చెట్టు కొట్టేశారా అని. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు అక్కడ స్టిల్ట్ మీద ఐదంతస్తులు. ఆ ఫ్లాట్లలో ఉండేవారు మంచివారు కారని నేను అనడం లేదు. వినాయక చవితికి ప్రసాదం తెచ్చి ఇస్తారు, అమ్మకు మందులు కావాలంటే ఆ కుర్రవాళ్లే తెస్తారు. అయితే వారు లిఫ్టులో దిగి, స్టిల్ట్‌లో కారెక్కి, గేటు దాటేటప్పటికే అద్దాలు మూసి ఉంటాయి. గోడ ఇప్పుడు నా తల కన్నా ఎత్తు. ఒకరినొకరు చూసుకునే చోటు లేనప్పుడు మంచితనం ఉన్నా అది బయటికి వచ్చే దారి దొరకదు. నేలంతా సిమెంటుతో కప్పేయడం వల్ల వాననీరు ఇంకే చోటు కూడా పోయింది. ఒక కుటుంబం తాగిన బోరు నుంచి పది కుటుంబాలు తోడుకుంటున్నాయి కాబట్టి మార్చి రాకముందే ట్యాంకర్లు తిరుగుతున్నాయి. నా మాట ఎవరైనా వింటే ఒక్కటి అడుగుతాను: కట్టేవారు కింద నాలుగు బెంచీలు వేసే చోటు, రెండు చెట్ల పాటి మట్టినేల వదలండి. ఈ గజాల లెక్కలో అది పెద్ద నష్టమేమీ కాదు.

మా ఇంటి వంతు కూడా వచ్చింది. తమ్ముడూ నేనూ అమ్మతో మాట్లాడి, దసరా తర్వాత అగ్రిమెంటు చేసుకోవడానికి ఒప్పుకున్నాం. అమ్మ పెట్టిన షరతులు రెండు: తనకు మొదటి అంతస్తులో వీధివైపు ఫ్లాటు కావాలి, వెనక ఉన్న కరివేపాకు చెట్టు పిల్ల మొక్కను స్థలం దాటి బయటికి పోనివ్వకూడదు. ఈలోగా ఆమె చెబుతుంటే నేను ఒక నోటుబుక్కులో రాస్తున్నాను: మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇల్లు, మొదట ఎవరు కట్టారు, ఏ డివిజన్‌లో పనిచేశారు, ఏ ఊరి నుంచి వచ్చారు, పై పోర్షన్‌లో ఎవరెవరు అద్దెకున్నారు, పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు. ఎడమ వరుస పూర్తయింది. కుడి వరుసలో చివరి రెండు ఇళ్లవారి వివరాలు అమ్మకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఒకరి ఇంటి ముందు గన్నేరు చెట్టు, మరొకరి వరండాకు నీలం రంగు జాలీ ఉండేవని మాత్రం చెబుతోంది. ఆ ఇళ్లవారు గానీ వారి పిల్లలు గానీ ఇది చదివితే, మీ ఇంటి ముఖం కనిపించే పాత ఫోటో ఒకటి, గృహప్రవేశం నాటిదైనా పుట్టినరోజు నాటిదైనా, మాకు పంపండి. అగ్రిమెంటు రోజులోగా ఈ పుస్తకం పూర్తిచేసి, కాపీలు తీయించి, ఈ వీధిలో ఒకప్పుడు ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఒకటి చేర్చాలని అమ్మ పట్టుదలగా ఉంది.